కర్ర కత్తితో మొదలై... ఒలింపిక్స్ దాకా!

కత్తియుద్ధం అంటే మనకి గుర్తొచ్చేది జానపద సినిమాలూ, కాంతారావూ! అదే కత్తిని చేతపట్టి ఒలింపిక్స్‌ బరిలో దిగిన తొలి భారతీయురాలు మన తెలుగింటి అమ్మాయే. వెదురు కర్రలతో ఆట నేర్చుకుని, అమ్మ నగలు తాకట్టు పెడితే పోటీలకు వెళ్లి, ప్రపంచ ఛాంపియన్‌నే ఓడించే స్థాయికి ఎదిగిన చదలవాడ భవానీదేవి కథ ఇది.

కోటీ పాతిక లక్షల రూపాయలు!

2021లో ప్రధానమంత్రికి వచ్చిన కానుకల్ని ఈ-వేలం వేస్తే అందులో ఓ కత్తికి పలికిన ధర అది. అదేమీ ఏ మహారాజో వాడింది కాదు. పిడికి వజ్రాలూ కెంపులూ పొదిగింది అంతకన్నా కాదు. అరకిలో బరువు కూడా ఉండని సన్నటి ఉక్కు కత్తి. దాని మీద ఓ సంతకం. ఆ సంతకం భవానీదేవిది. అంతకు కొన్ని వారాల ముందే టోక్యో ఒలింపిక్స్‌లో ఆడి వచ్చి, తన కత్తిని ప్రధానికి కానుకగా ఇచ్చిందామె. వేలంలో వచ్చిన సొమ్ము గంగానది ప్రక్షాళనకి వెళ్లింది.

విశేషం ఏంటంటే... ఆట నేర్చుకునే రోజుల్లో ఆ అమ్మాయికి సొంతంగా ఓ కత్తి కొనుక్కోవడమే గగనంగా ఉండేది!

మిగిలింది అదొక్కటే!

ఇంటిపేరు చదలవాడ. తండ్రి ఆనంద సుందరరామన్‌ది పంచారామాల్లో ఒకటైన కుమారారామం వెలసిన సామర్లకోట. ఒకప్పటి తూర్పుగోదావరి, ఇప్పటి కాకినాడ జిల్లాలోని ఊరు. బతుకుదెరువు కోసం చెన్నై వెళ్లి అక్కడే స్థిరపడిన ఆయన వృత్తి అర్చకత్వం. తల్లి రమణి గృహిణి. అయిదుగురు సంతానంలో భవాని ఆఖరిది. పుట్టింది 1993 ఆగస్టు 27న. గుడిలో పూజలు చేస్తే వచ్చే ఆదాయంతో అయిదుగురు పిల్లల్ని చదివించే ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లోకి కత్తి ఎలా వచ్చింది? నిజానికి భవాని కోరి ఎంచుకున్న ఆట కాదది. 2004లో ఆమె చదివే స్కూల్లో పిల్లల్ని ఆటల్లో చేర్చుకుంటున్నారు. ఒక్కో ఆటకీ ఇంతమంది అని లెక్క. తన వంతు వచ్చేసరికి స్క్వాష్ లాంటివాటిలో ఖాళీలన్నీ నిండిపోయాయి. మిగిలింది ఒక్కటే... ఫెన్సింగ్. ఆ పేరు అంతకుముందు ఎప్పుడూ విన్నది కూడా కాదు. అయినా కొత్తగా ఉందే అనుకుంది. సరేనంది.

అక్కడే మొదటి పరీక్ష ఎదురైంది. పేరు రాసుకునేటప్పుడు తండ్రి ఏడాది సంపాదన ఎంతని అడిగారు. ఇది ఖర్చుతో కూడిన ఆట, పేదింటి పిల్లలు తట్టుకోలేరు అన్నారు. నిజం చెబితే వెనక్కి పంపేస్తారని పదేళ్ల పిల్లకి అర్థమైపోయింది. అసలు ఆదాయాన్ని పక్కన పెట్టి పెద్ద అంకె ఒకటి చెప్పేసింది! తర్వాతి రోజుల్లో ఎన్నో ఇంటర్వ్యూల్లో ఈ సంగతిని తనే నవ్వుతూ చెప్పుకొచ్చింది.

యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం ఇంకోటుంది. ఫెన్సింగ్ 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ నుంచీ ఏ ఒక్కసారీ తప్పకుండా ఉన్న అతి కొద్ది ఆటల్లో ఒకటి. మహిళలకు 1924లో అవకాశం వచ్చింది. కానీ భవాని ఆడే 'సేబర్' విభాగంలో మాత్రం మహిళల పోటీ పెట్టింది 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే. అంటే చెన్నైలో ఓ చిన్నపిల్ల ఆ కత్తి పట్టిన ఏడాదే, ఆ కత్తికి ఒలింపిక్స్ తలుపులూ తెరుచుకున్నాయన్నమాట!

వెదురు కర్రలే కత్తులు

ఫెన్సింగ్ కత్తులు మన దగ్గర తయారయ్యేవి కావు. విదేశాల నుంచి తెప్పించుకోవాలి. పోనీ ఒక్కసారి కొంటే సరిపోతుందా అంటే అదీ కాదు. ఆడుతుంటే కత్తులు విరుగుతాయి. విరిగినప్పుడల్లా కొత్తది కావాలి. ముఖానికి ఇనుప జాలీ మాస్క్, పోటుకి చిరగని దళసరి బట్టతో కుట్టిన జాకెట్, దాని మీద కరెంటు ప్రవహించే లోహపు దారాల జాకెట్, చేతికి గ్లౌజు, వైర్లు... ఇవన్నీ అదనం.

అందుకే భవానీ, ఆమె తోటివాళ్లూ రోజూ సాధన చేసింది వెదురు కర్రలతో! అసలు కత్తులు పోటీలప్పుడే బయటికి తీసేవాళ్లు. అదీ జాగ్రత్తగా. సాధనలో విరగ్గొట్టుకుంటే పోటీ రోజున ఏం పట్టుకుని దిగాలి మరి? దెబ్బ తగిలిందో లేదో చూపించే కరెంటు పరికరాలూ అంతంతమాత్రమే. ఉన్నవాటి కోసం వంతులు వేసుకునేవాళ్లు.

తెల్లారకముందే లేచి బస్సెక్కి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లడం, అట్నుంచి అటే స్కూలుకి, సాయంత్రం మళ్లీ స్టేడియానికి. భవాని దినచర్య ఇదే. ఆడపిల్లకి కత్తులూ గిత్తులూ ఏంటనే మాటలు చుట్టుపక్కల వినిపించకుండా ఉంటాయా? కానీ ఇంట్లో తల్లి రమణి ఏనాడూ వద్దనలేదు. కూతురి కోసం తెలిసిన గుమ్మమల్లా తొక్కిందావిడే.

మూడు నిమిషాలు... నల్ల కార్డు!

పద్నాలుగేళ్లప్పుడు మొదటిసారి విమానమెక్కింది భవాని. టర్కీలో పోటీ. అప్పోసప్పో చేసి, కిందా మీదా పడి పంపించారు ఇంట్లోవాళ్లు. తీరా తన బౌట్ మొదలయ్యే సమయానికి బరి దగ్గరికి చేరడం మూడు నిమిషాలు ఆలస్యమైంది. అంతే... రెఫరీ నల్ల కార్డు చూపించాడు. ఫెన్సింగ్‌లో నల్ల కార్డు అంటే పోటీ నుంచి బహిష్కరణ!

ఆ వయసులో మరొకరైతే ఆ దెబ్బకి ఆటకే దణ్నం పెట్టేసేవాళ్లేమో. భవాని మాత్రం దాన్నుంచి పాఠం నేర్చుకుంది. ఆట అంటే కత్తి తిప్పడమే కాదు... నిబంధనలు తెలుసుకోవడం, కొత్త ఊళ్లో కొత్త భాషలో జరిగే పోటీలో కంగారుపడకుండా సమయానికి సిద్ధమవడం కూడా అని ఆమెకి తెలిసొచ్చింది. యూరప్ పిల్లలకైతే చిన్నప్పటి నుంచే ఇలాంటివన్నీ పక్కనుండి చెప్పే శిక్షకులుంటారు. మనవాళ్లకి ఒక్కో పాఠం ఒక్కో ఓటమి ఖరీదు!

సర్కస్ ఊళ్లో సాధన

పదో తరగతి అయ్యాక భవాని కేరళలోని తలస్సేరికి మకాం మార్చింది. సర్కస్‌కీ, క్రికెట్‌కీ, కేకులకీ పేరుపడ్డ ఊరది. అక్కడ స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ల ఫెన్సింగ్ శిక్షణ కేంద్రం ఉంది. కోచ్ సాగర్ లాగూ. భవాని ఆటకి అసలైన పునాది పడింది ఇక్కడే. అమ్మానాన్నల్ని వదిలి, తెలియని భాష మాట్లాడే ఊళ్లో హాస్టల్లో ఉంటూ సాధన చేసింది. ఆట కోసం చదువు మానలేదు. తలస్సేరిలోని బ్రెన్నెన్ కాలేజీలో డిగ్రీ చదివింది.

ఫలితం త్వరగానే కనిపించింది. 2009లో మలేసియాలో జరిగిన కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. అంతర్జాతీయ వేదిక మీద అదే ఆమె తొలి పతకం. నాలుగేళ్లకోసారి జరిగే కామన్వెల్త్ క్రీడలు వేరు, ఇది వేరు. ఆ క్రీడల్లో 1970 తర్వాత ఫెన్సింగ్ లేదు. అందుకే ఈ దేశాలన్నీ విడిగా ఫెన్సింగ్ ఛాంపియన్‌షిప్ జరుపుకుంటాయి. 2014లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన అండర్-23 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో రజతం, ఆ మరుసటి ఏడాది మంగోలియాలో కాంస్యం వచ్చాయి. ఇంకోపక్క దేశంలో జాతీయ టైటిల్ అంటే భవానీదే అన్నంతగా వరసపెట్టి గెలుస్తూ వచ్చింది.

పతకాలు వస్తున్నాయి సరే... డబ్బో?

అమ్మ నగలు తాకట్టు

ఫెన్సింగ్‌లో ర్యాంకు పెరగాలంటే ప్రపంచకప్ పోటీల్లో ఆడాలి. అవి జరిగేది ఎక్కువగా యూరప్‌లో. విమానం టిక్కెట్లు, వీసాలు, హోటళ్లు, కోచ్ ఖర్చులు... ఒక్కో పోటీకీ లెక్క లక్షల్లోకి పోతుంది. క్రికెట్ కాదు కాబట్టి ప్రాయోజకులు క్యూ కట్టరు. 'ఫెన్సింగా? అంటే ఇంటి చుట్టూ వేసే కంచె కదా!' అనుకునే దేశం మనది. అలాంటి ఆటకి డబ్బివ్వమని అడిగితే ఇచ్చేదెవరు?

ఆ పరిస్థితుల్లో రమణి తన నగలు తాకట్టు పెట్టింది. అప్పులు చేసింది. 2021 జూన్‌లో ప్రధాని తన 'మన్ కీ బాత్' రేడియో ప్రసంగంలో ప్రత్యేకంగా చెప్పింది కూడా ఆ తల్లి గురించే. ఆడపిల్ల పెళ్లి కోసం నగలు దాచే ఇళ్లు మనకి తెలుసు. ఆడపిల్ల ఆట కోసం ఉన్న నగలు తీసిచ్చిన ఇల్లు అది.

తర్వాత ఒక్కొక్క చెయ్యీ సాయానికొచ్చింది. 2014లో ఆసియా రజతం తర్వాత అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత ఆమె అమెరికాలో శిక్షణ పొందేందుకు మూడు లక్షల రూపాయలిచ్చారు. 2015లో గోస్పోర్ట్స్ ఫౌండేషన్ వాళ్ల 'రాహుల్ ద్రవిడ్ అథ్లెట్ మెంటార్‌షిప్' కార్యక్రమానికి ఎంపికైంది. అంటే ఓ క్రికెటర్ పేరున్న పథకం ఓ ఫెన్సర్‌కి ఆసరా అయిందన్నమాట. తర్వాత కేంద్ర ప్రభుత్వ సాయమూ తోడైంది. అయినా 2016 రియో ఒలింపిక్స్‌కి అర్హత మాత్రం అందలేదు.

ఇటలీలో ఓ ఊరు

రియో చేజారాక భవానికి ఓ సంగతి స్పష్టమైంది. పులిని వేటాడాలంటే అడవికి వెళ్లాల్సిందే! ఫెన్సింగ్‌కి ఆ అడవి ఇటలీ. అక్కడ సముద్రం ఒడ్డున లివోర్నో అని ఓ ఊరుంది. 2004 ఒలింపిక్స్ సేబర్ విజేత అల్డో మోంటానోది ఆ ఊరే. తరతరాలుగా కత్తి పట్టిన కుటుంబాలున్న చోటు. అక్కడ నికోలా జనోట్టి అనే కోచ్ దగ్గర చేరింది భవాని.

అక్కడ కొత్తగా దొరికింది ఏంటి? కోచ్ ఒక్కడే కాదు... ఎదురు నిలిచే ప్రత్యర్థులు. ఈ ఆటని ఒంటరిగా నేర్చుకోలేం. ఎదుటివాడు ఎప్పుడు ముందుకు దూకుతాడు, ఎప్పుడు దూకినట్టు నటిస్తాడు అన్నది వందల మందితో తలపడితేనే పట్టుబడుతుంది. మన దేశంలో ఆ స్థాయివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. అక్కడ ఒక్క హాల్లోనే అంతమంది ఉంటారు.

ఆ తేడా పతకాల్లో కనిపించింది. 2017లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జరిగిన శాటిలైట్ టోర్నీలో భవాని విజేతగా నిలిచింది. అంతర్జాతీయ ఫెన్సింగ్‌లో భారతీయులకి దక్కిన తొలి స్వర్ణంగా అది వార్తలకెక్కింది. 2018లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో సీనియర్ కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇంగ్లండ్ అమ్మాయి ఎమిలీ రూవోని 15-12తో ఓడించి స్వర్ణం గెలిచింది. అదీ భారత్‌కి మొదటిసారే. 2019లో బెల్జియంలోని గెంట్‌లో రజతం.

అదే 2019లో తండ్రిని కోల్పోయింది భవాని. కూతురు ఒలింపిక్స్‌లో ఆడటం చూడాలన్న ఆ అర్చకుడి ఆశ తీరకుండానే ఉండిపోయింది.

ఏంటీ సేబర్?

ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులుంటాయి... ఫాయిల్, ఎపే, సేబర్. మొదటి రెండింటిలో మొనతో పొడిస్తేనే పాయింటు. సేబర్‌లో మొనతో పొడవచ్చు, అంచుతో కొట్టనూ వచ్చు. గుర్రం మీది సైనికుడు వాడే కత్తి నుంచి వచ్చిన ఆట ఇది. నడుము పైభాగం... అంటే తల, చేతులు, ఛాతీ, వీపు... ఇక్కడ ఎక్కడ తగిలినా పాయింటే. నడుము కిందైతే లెక్కలోకి రాదు.

బరి పొడవు 14 మీటర్లు, వెడల్పు మీటరున్నర. ఇద్దరూ నాలుగు మీటర్ల దూరంలో నిలబడతారు. రెఫరీ 'అలే' అనగానే దూకుతారు. చాలాసార్లు ఒకటి రెండు సెకన్లలోనే పాయింటు తేలిపోతుంది. అందుకే మూడింటిలో వేగవంతమైనది ఇదే. కత్తి ప్రత్యర్థి జాకెట్‌కి తగలగానే కరెంటు ప్రవహించి లైటు వెలుగుతుంది. ఒకరి దెబ్బ తగిలాక సెకనులో ఆరోవంతు లోపు రెండోవారిదీ తగిలితే ఇద్దరి లైట్లూ వెలుగుతాయి. అప్పుడు పాయింటు ఎవరిదో రెఫరీ తేలుస్తాడు. దాడి మొదట మొదలుపెట్టింది ఎవరైతే వాళ్లకే మొగ్గు. ఆ దాడిని కత్తితో అడ్డుకుని తిప్పికొడితే మాత్రం హక్కు ఎదుటివాళ్లకి మారుతుంది. మొదట గ్రూపుల్లో 5 పాయింట్ల బౌట్లు, తర్వాత నాకౌట్‌లో 15 పాయింట్ల బౌట్లు. సేబర్‌లో ఒకరు 8కి చేరగానే ఒక నిమిషం విరామం. ఒలింపిక్స్ వ్యక్తిగత విభాగంలో గ్రూపు బౌట్లుండవు. నేరుగా నాకౌటే!

మేడ మీద ఇటుకల ప్రత్యర్థి

టోక్యో ఒలింపిక్స్‌కి ఎలాగైనా అర్హత సాధించాలన్న పట్టుదలతో పోటీ మీద పోటీ ఆడుతుండగా 2020లో కరోనా వచ్చిపడింది. ఆటలన్నీ ఆగిపోయాయి. ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. ఇటలీలో ఉండాల్సిన అమ్మాయి చెన్నైలో ఇంట్లో చిక్కుకుపోయింది. స్టేడియాలు మూత. ఎదురు నిలబడే మనిషి లేడు.

దానికీ ఓ ఉపాయం ఆలోచించింది. మేడ మీద ఇటుకలు పేర్చి, వాటికి తన కిట్ బ్యాగు తగిలించి ఓ ప్రత్యర్థిని తయారుచేసుకుంది! రోజూ దాంతోనే కత్తిసాము. చిన్నప్పుడు వెదురు కర్రతో నేర్చుకున్న పిల్లకి ఇటుకల బొమ్మతో ఆడటం ఓ లెక్కా?

ఆంక్షలు సడలాక మళ్లీ ఇటలీ వెళ్లింది. ఈలోగా తల్లికి కొవిడ్ సోకి ఆసుపత్రిలో చేరాల్సొచ్చింది. కూతురు వేల మైళ్ల దూరాన. నా గురించి ఆలోచించకు, నీ ఆట మీద దృష్టి పెట్టు అని ఆసుపత్రి నుంచే ధైర్యం చెప్పింది రమణి. 2021 మార్చిలో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ప్రపంచకప్ జరిగింది. అక్కడే లెక్క తేలింది. ఆసియా, ఓషియానియా ప్రాంతానికి ర్యాంకుల ఆధారంగా ఇచ్చే వ్యక్తిగత స్థానాల్లో ఒకటి భవానికి దక్కింది. అప్పటికి ఆమె ప్రపంచ ర్యాంకు 45. ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి భారత ఫెన్సర్‌గా చరిత్రకెక్కింది. 1896 నుంచీ జరుగుతున్న పోటీలో మన దేశం పేరు కనిపించడానికి 125 ఏళ్లు పట్టిందన్నమాట!

15-3... 7-15

2021 జులై 26. టోక్యో పక్కనే ఉన్న చీబాలోని మకుహారి మెస్సే హాలు. మన దగ్గర చాలా ఇళ్లలో అప్పుడే తెల్లారుతోంది. ఫెన్సింగ్ అనే ఆటని మనవాళ్లు ఎంతోమంది టీవీలో మొదటిసారి చూసింది ఆ రోజే.

తొలి బౌట్‌లో ప్రత్యర్థి ట్యునీసియాకి చెందిన నదియా బెన్ అజీజి. మొదలైన క్షణం నుంచీ భవాని ఆమెని ఊపిరి తీసుకోనివ్వలేదు. విరామానికి స్కోరు 8-0. చివరికి 15-3. ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో భారత్‌కి మొట్టమొదటి గెలుపు!

ఆ ఆనందం ఇంకా చల్లారకముందే రెండో బౌట్. ఈసారి ఎదుట ఉన్నది ఫ్రాన్స్ క్రీడాకారిణి మానన్ బ్రూనె. ప్రపంచ మూడో ర్యాంకు. విరామానికి 2-8తో వెనకబడింది భవాని. తర్వాత తేరుకుని కొన్ని పాయింట్లు రాబట్టినా అప్పటికే ఆలస్యమైంది. 7-15తో ఓటమి. ఒకే రోజు, కొద్ది గంటల తేడాతో చరిత్రా, నిష్క్రమణా రెండూ చూసేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని దేశాన్ని కదిలించింది. ట్విటర్‌లో జరిగింది చెప్పి, నా శాయశక్తులా ప్రయత్నించాను, గెలవలేకపోయాను, క్షమించమని రాసింది! అంతకుముందు ఏ భారతీయుడూ అడుగు పెట్టని బరిలోకి దిగి ఒక బౌట్ గెలిచిన అమ్మాయి క్షమాపణ అడగడమేంటి? ఆ మాట చదివినవాళ్లకి మనసు చివుక్కుమంది. గెలుపోటములు జీవితంలో భాగమేననీ, నిన్ను చూసి దేశం గర్విస్తోందనీ ప్రధాని బదులిచ్చారు. వేలమంది ఆమెకి ధైర్యం చెబుతూ సందేశాలు పంపారు. ఆ ఏడాదే అర్జున అవార్డూ అందుకుంది.

ఇంకో సంగతీ గుర్తుచేసుకోవాలి. భవానిని ఓడించిన బ్రూనె ఎవరో సామాన్యురాలు కాదు. 2016 రియోలో ఆమెది నాలుగో స్థానం... చేతికందిన పతకం జారిపోయింది. 2021 టోక్యోలో కాంస్యం. 2024లో సొంతగడ్డ పారిస్‌లో స్వర్ణం! ఫెన్సింగ్ పుట్టిల్లు లాంటి ఫ్రాన్స్‌లో, అన్ని వసతుల మధ్య పెరిగిన అమ్మాయికే ఆ మెట్టు ఎక్కడానికి మూడు ఒలింపిక్స్ పట్టింది. వెదురు కర్రతో మొదలుపెట్టిన అమ్మాయి మొదటి ఒలింపిక్స్‌లోనే అంతా సాధించేయాలనుకోవడం న్యాయమేనా?

ప్రపంచ ఛాంపియన్‌నే ఓడించి...

టోక్యో తర్వాత భవాని ఫ్రాన్స్ వెళ్లి క్రిస్టియన్ బావర్ దగ్గర శిక్షణ మొదలుపెట్టింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చైనాకి సేబర్ స్వర్ణం వెనక ఉన్న కోచ్ ఈయన. మారిన కోచ్‌తో పాటు ఆటా మారింది. 2022 ఆగస్టులో లండన్‌లో కామన్వెల్త్ టైటిల్‌ని మళ్లీ నిలబెట్టుకుంది. ఫైనల్లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి వెరొనికా వాసిలెవాపై 15-10తో గెలిచింది. అదే ఏడాది గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో తమిళనాడు తరఫున స్వర్ణం తెచ్చింది.

అసలైన రోజు మాత్రం 2023 జూన్‌లో వచ్చింది. చైనాలోని వుషీలో ఆసియా ఛాంపియన్‌షిప్. ప్రిక్వార్టర్స్‌లో జపాన్ అమ్మాయి సెరి ఒజాకిని 15-11తో దాటింది. క్వార్టర్స్‌లో ఎదురైంది మరో జపాన్ అమ్మాయి మిసాకి ఎమురా. అప్పటికి ప్రపంచ ఛాంపియన్ ఆమె. ఎమురా మీద భవాని అంతకుముందు ఒక్కసారీ గెలవలేదు. ఆ రోజు మాత్రం 15-10తో ఓడించింది! సెమీస్‌లో ఉజ్బెకిస్థాన్‌కి చెందిన జైనాబ్ దాయిబెకోవాతో పోరు చివరి పాయింటు దాకా వెళ్లింది. 14-14. తర్వాతి దెబ్బ ఎవరిదైతే వాళ్లదే ఫైనల్. అది ప్రత్యర్థికే దక్కింది. అయినా కాంస్యం ఖాయం. ఆసియా ఫెన్సింగ్ ఛాంపియన్‌షిప్ చరిత్రలో భారత్‌కి అదే తొలి పతకం.

మూడు నెలలకి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. గ్రూపు బౌట్లన్నీ గెలిచి ఊపు మీదుంది. ఇంకొక్క గెలుపు చాలు... పతకం ఖాయమయ్యేది. క్వార్టర్స్‌లో చైనా క్రీడాకారిణి షావో యాచీ చేతిలో 7-15తో ఆగిపోయింది. ఆ తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత కూడా అందలేదు. భవానికే కాదు, ఆ ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో భారత్ నుంచి ఒక్కరూ లేరు.

ఆమె లేకపోతే?

ఆ చివరి వాక్యమే భవాని విలువేంటో చెబుతుంది. టోక్యోకి వెళ్లింది ఒక వ్యవస్థ కాదు, ఒక వ్యక్తి. ఆ వ్యక్తి వెనక ఓ తల్లి తాకట్టు పెట్టిన నగలూ, ఇద్దరు ముగ్గురు దాతలూ, విదేశీ కోచ్‌లూ ఉన్నారు. ఆ ఒక్క వ్యక్తికి ఓ ఏడాది కాలం కలిసిరాకపోతే దేశం పేరే ఆ పట్టికలోంచి మాయమైపోయింది. బ్రూనె పారిస్‌లో గెలవకపోయినా ఫ్రాన్స్‌కి నష్టం లేదు. ఆ రోజు ఫైనల్లో ఆమెతో తలపడింది కూడా ఫ్రాన్స్ అమ్మాయే... సారా బాల్జే!

భవానీదేవి చేసిన పని పతకాల లెక్కకి అందదు. మారుమూల ఊళ్లో ఓ ఆడపిల్ల ఇప్పుడు ఫెన్సింగ్ నేర్చుకుంటానంటే ఆ ఆట ఏంటో ఇంట్లోవాళ్లకి మొదటి నుంచీ విడమరిచి చెప్పక్కర్లేదు. 'భవానీదేవి ఆడిందే, అది' అంటే చాలు. కత్తులు ఖరీదు, పోటీలు దూరం అనే మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. తండ్రి సంపాదన ఎంతని అడిగితే పదేళ్ల పిల్ల అబద్ధం చెప్పాల్సిన అవసరం రాని రోజున ఆమె పడ్డ కష్టానికి పూర్తి ప్రతిఫలం దక్కినట్టు.

భవాని ప్రయాణం ముగిసిపోయిందనడానికీ లేదు. ఈ ఆటకి వయసుతో పేచీ తక్కువ. లివోర్నో వీరుడు అల్డో మోంటానో 42 ఏళ్ల వయసులో టోక్యోలో ఇటలీ జట్టుతో కలిసి రజతం అందుకున్నాడు. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగే జులైకి భవానికి ముప్ఫై అయిదు కూడా నిండవు. వెళ్తుందా లేదా అన్నది కాలం చెప్పాలి. వెళ్లినా వెళ్లకపోయినా... ఆ దారిలో మొదటి అడుగు ఎవరిదని ఎవరైనా అడిగితే చెప్పే పేరు మాత్రం మారదు!